మెదడులో చిన్న అన్యూరిజం, రిపోర్టు చదవడం – 3వ పాఠం: పగిలే ముప్పు లెక్క

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో తీయించిన ఎంఆర్ యాంజియో (మెదడు రక్తనాళాల స్కాన్) రిపోర్టులో సైజు, చోటు ఎక్కడ రాస్తారో చూశాం. ఇప్పుడు వాటితో అన్యూరిజం (రక్తనాళం గోడ బుడగలా ఉబ్బడం) పగిలే ముప్పు చెప్పే ఫేజెస్ స్కోరు వేద్దాం. ఆరు అధ్యయనాల్లోని 8,382 మంది వివరాలతో 2014లో వచ్చిన లెక్క ఇది.

సైజు 7 మి.మీ. లోపైతే 0, 7 నుంచి 9.9 వరకు 3, 10 నుంచి 19.9 వరకు 6, ఆపైన 10. చాలామంది ‘ఐదు మిల్లీమీటర్లేగా’ అని ఇక్కడే కాగితం మడిచేస్తారు. అసలు తేడా చోటుతో వస్తుంది. బుడగ ఉన్న నాళం ఇంటర్నల్ కెరోటిడ్ అయితే 0, మిడిల్ సెరిబ్రల్ అయితే 2. యాంటీరియర్ సెరిబ్రల్, యాంటీరియర్ కమ్యూనికేటింగ్, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్, వెనకవైపు నాళాలకు 4. బీపీ ఉంటే 1, వయసు 70 నిండితే 1, గతంలో వేరే అన్యూరిజం పగిలి ఉంటే 1. ఫిన్లాండ్ వాళ్లకు 5, జపాన్ వాళ్లకు 3, మిగతా యూరప్, ఉత్తర అమెరికాకు 0. మనకు గడే లేదు! 0 వేసుకున్నా, వచ్చిన శాతం ఉజ్జాయింపే.

72 ఏళ్ల మామ్మగారు, బీపీ ఉంది, యాంటీరియర్ కమ్యూనికేటింగ్ మీద 5 మి.మీ. అన్యూరిజం: 4+1+1, మొత్తం 6. అంటే ఐదేళ్లలో 1.7 శాతం. దీన్ని ఏడాది లెక్కనుకుని హడలిపోకండి. అదే బుడగ ఇంటర్నల్ కెరోటిడ్ మీదుంటే స్కోరు 2, ముప్పు 0.4 శాతం.

పొగ తాగడం, బుడగ మీద మరో చిన్న బుడిపె ఉండటం ముప్పు పెంచేవే అయినా ఈ స్కోరులో లేవు. బుడిపె సంగతి రిపోర్టులో లేకపోతే డాక్టరుగారిని అడగండి.

పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ నాళం మొదలయ్యే చోట 3 మి.మీ. లోపు గరాటులా ఉబ్బి, దాని కొసనుంచే నాళం బయల్దేరితే అది చాలావరకు ఇన్‌ఫండిబులం. అన్యూరిజం కాదు, స్కోరు వేయక్కర్లేదు.

మళ్లీ స్కాన్ తీయిస్తే పాత సీడీ పట్టుకెళ్లండి, వీలైతే అదే రకం స్కానే తీయించండి. ఒకసారి ఎంఆర్, ఇంకోసారి సీటీ అయితే కొలత తేడానే పెరుగుదల అనుకునే ప్రమాదముంది.

క్షణాల్లో భరించలేని తలనొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఒక కనురెప్ప వాలి కంటిపాప పెద్దదైనా స్కోరు పక్కన పడేసి 108కి ఫోన్ చేయాలి.

అభ్యాసం: 58 ఏళ్లు, బీపీ ఉంది, మిడిల్ సెరిబ్రల్ మీద 8 మి.మీ. స్కోరెంత?