ఏథెన్స్ మారథాన్ ఎలా పరుగెత్తాలి: బాల్దిని రేసు చెప్పే లెక్క

2004 ఆగస్టు 29న ఏథెన్స్ ఒలింపిక్ మారథాన్‌ను ఇటలీ రన్నర్ స్టెఫానో బాల్దిని 2:10:55లో గెలిచాడు. సాయంత్రం ఆరింటికి మొదలైన ఆ రేసు 30 డిగ్రీల ప్రాంతపు వేడిలో సాగింది. బ్రెజిల్ రన్నర్ వాండర్లీ డి లిమా అందరికంటే ముందుగా 1:07:23కి సగం దూరం దాటేటప్పటికి బాల్దిని వెనక గుంపులో ఉన్నాడు. అంటే రెండో సగాన్ని 64 నిమిషాల లోపే ముగించాడు. 2006లో చదునైన లండన్ దారిలో అతను సాధించిన కెరీర్ బెస్ట్ 2:07:22. ఏథెన్స్ రెండో సగం పేస్ కూడా ఇంచుమించు అదే, కిలోమీటరుకు మూడు నిమిషాలు. 35 కిలోమీటర్లు దాటాక డి లిమాపై ఒక ప్రేక్షకుడు దాడి చేసిన మాట నిజమే, కానీ అప్పటికే అతనికీ వెనకున్న బాల్దినికీ మధ్య దూరం తగ్గుతూ వస్తోంది.

ఈ దారిలోనే ఏటా నవంబరులో ఏథెన్స్ మారథాన్ జరుగుతుంది. మారథాన్ పట్టణం నుంచి మొదటి పది కిలోమీటర్లు దాదాపు చదును. అక్కడి నుంచి 31 దాకా ఎక్కుడే, మధ్యమధ్యలో చిన్న దిగుళ్లు. ఆపైన రేసు ముగిసే పానథెనయిక్ స్టేడియం వరకు ఎక్కువ భాగం దిగుడు.

నాలుగు గంటల్లో ముగించాలంటే సగటు పేస్ కిలోమీటరుకు 5:41. దీన్నే అంతటా పట్టుకుని వేలాడితే ఎక్కుడులో ఒంట్లోని గ్లైకోజెన్ (కండరాల్లో నిల్వ ఉండే చక్కెర) ముందే ఖర్చయిపోతుంది. బాల్దినిలా చివరికి శక్తి మిగిలేలా ఇలా విడగొట్టండి: మొదటి 10 కి.మీ. 5:40, తర్వాతి 21 కి.మీ. సగటున 5:50, మిగిలిన 11.2 కి.మీ. 5:26. కూడితే సరిగ్గా నాలుగు గంటలు. వాచీ జీపీఎస్ కాస్త ఎక్కువ దూరం చూపిస్తుంది కాబట్టి కిలోమీటరు బోర్డుల దగ్గర టైము చూసుకోండి. నిటారు ఎక్కుడులో పేస్ 6:10కి పడినా కంగారొద్దు, శ్వాస చూసుకోండి: చిన్న వాక్యం మాట్లాడగలగాలి. ఒక్కో ముక్కగా మాటలొస్తున్నాయంటే వేగం తగ్గించాల్సిందే.

అసలు చిక్కు ఎక్కుడులో కాదు, 31 తర్వాత దిగుడులో. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బ్రేకు వేస్తాయి. కండర పోగులు ఎక్కువగా దెబ్బతినేది ఆ పనిలోనే. అలవాటు లేని కాళ్లు 35 దగ్గర బిగుసుకుపోతాయి. ఊపిరి బాగానే ఉంటుంది, కాళ్లే కదలవు. దీనికి మందు ఒక్కటే, ముందుగా దిగి ఉండటం. రేసుకు పది వారాల ముందు నుంచి పది రోజులకోసారి, 3 నుంచి 5 శాతం వాలులో 600 మీటర్లు దిగండి. నాలుగుసార్లతో మొదలుపెట్టి ఎనిమిదికి పెంచండి, పైకి మెల్లగా జాగింగ్ చేస్తూ రండి. మొదటిసారి రెండు రోజులు మెట్లు దిగడం కష్టమవుతుంది, రెండోసారికి నొప్పి బాగా తగ్గుతుంది. చివరి సెషన్‌కూ రేసుకూ మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. దిగేటప్పుడు వెనక్కి వాలి మడమ గుద్దకండి, అంగ చిన్నది చేసి అడుగులు త్వరగా వేయండి.

లాంగ్ రన్‌లు కూడా దారిని పోలి ఉండాలి. 30 కి.మీ. పరుగైతే మొదటి 22 తేలిగ్గా, వీలైతే ఎక్కుడులో. చివరి 8 రేసు పేస్‌లో, దిగుడులో. ఇలాంటివి మూడు చాలు.

తిండి సంగతి: గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్. ఒక్కో ఎనర్జీ జెల్‌లో (పొట్లంలో వచ్చే చక్కెర గుజ్జు) సుమారు 25 గ్రాములుంటే అరగంటకొకటి, మొదటిది 30వ నిమిషంలోనే. జెల్ మీద మంచినీళ్లే తాగాలి. స్పోర్ట్స్ డ్రింక్ కలిస్తే చక్కెర చిక్కనై కడుపులోనే నిలిచిపోయి వికారం పుడుతుంది. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. పోటీపడి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది దాహం కంటే ప్రమాదం. వేడిలో రేసు ఉంటే ముందు 10 నుంచి 14 రోజులు ఆ వేడిలోనే రోజూ గంట సేపు నెమ్మదిగా పరుగెత్తండి.

బూటు లేసును చివరి రంధ్రంలోంచి కూడా తీసి లూపుగా బిగించండి. దిగుడులో పాదం ముందుకు జారితే 40 దాటేలోపు బొటనవేలి గోరు నల్లబడుతుంది.