భోగి కలపతో గిటార్ చేసే ముందు: పాత సామాన్లు ఏరేవారికి కొన్ని జాగ్రత్తలు

ధనుర్మాసం వచ్చిందంటే విశాఖలో పాత కలపంతా వీధిన పడుతుంది. వన్ టౌన్‌లో పెంకుటిళ్లు పడగొట్టిన చోట వాసాలు, విరిగిన మంచం కోళ్లు, ఊడిన కిటికీ చట్రాలు భోగి మంట కోసం సందు చివర పోగుపడతాయి. ఆ పోగులో ముప్పై రెండు అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న గట్టి టేకు ముక్క ఒక్కటి దొరికితే చాలు, లాప్ స్టీల్ గిటార్‌కి కావలసిన ఒళ్లు దొరికినట్టే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలిలో తేమ కాస్త తగ్గుతుంది కాబట్టి మన సముద్రపు ఊళ్లో కలప పనికి ఇదే మంచి అదను.

తెలియనివారికి రెండు ముక్కలు. ఈ గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి, ఎడమచేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయిస్తారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు ఈ పద్ధతికి ఆద్యుడని చెబుతారు. మన గోటువాద్యం, అదే చిత్రవీణ, వాయించేదీ జారుడు కడ్డీతోనే. మెట్లు లేవు, వంపు తిరిగిన మెడ లేదు, తీగల ఎత్తు వెంట్రుకవాసిలో సరిచేయాల్సిన పనీ లేదు. పలక, ఆరు తీగలు, రెండు ఇనప ముక్కలు, తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే ఒక పికప్. ఇంట్లో చేసుకోగల గిటార్లలో ఇంత సులువైంది మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. సులువు కావడం వల్లే చాలామంది ఏమరుపాటుగా దిగుతారు. అందుకని రంపం పట్టకముందే ఒక గీత గీసుకోండి. చెక్క, ఇనుము, అయస్కాంతం పాతవి వాడుకోవచ్చు. తీగలు, కరెంటుకు సంబంధించిన ప్రతి వస్తువూ కొత్తవే కొనాలి.

ముందు కలప సంగతి. పాత చెక్కను కోసే ముందు దాని పూర్వచరిత్ర అడగాలి. పాత తలుపుల మీద పొరలు పొరలుగా ఉన్న ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 మించకూడదనే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు వేసిన రంగు ఏదైనా సీసమున్నదే అనుకుని పని చేయండి. దాన్ని పొడిగా ఉప్పు కాగితంతో రుద్దొద్దు, మిషను పెట్టి అసలు రుద్దొద్దు, బ్లో టార్చ్‌తో కాల్చొద్దు. నీళ్లు చిలకరించి తడిగా గీకండి. కింద ప్లాస్టిక్ షీటు పరిచి, గీకిన పెచ్చులన్నీ అందులోనే మూటకట్టండి. పసిపిల్లలు పాకే గదిలో, గర్భిణి ఉన్న ఇంట్లో ఈ పని వద్దు. పని బట్టలు మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు. రంగు వేయని వాసం దొరికితే ఈ బాధే ఉండదు, నా ఓటు ఎప్పుడూ దానికే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. రంగు ఉన్న ముక్కలూ, ప్లైవుడ్ తునకలూ భోగి మంటలో వేయకండి. ఆ పొగ చుట్టూ నిలబడేది మన పిల్లలే.

ఓడరేవు ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ప్యాలెట్ చెక్క చవగ్గా దొరుకుతుంది. విదేశాల నుంచి వచ్చిన ప్రతి ప్యాలెట్ మీదా గోధుమ కంకి గుర్తుతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్, టీ అనే ఇంగ్లిష్ అక్షరాలుంటే పురుగు చావడానికి వేడి మాత్రమే పట్టించారని అర్థం, అది తీసుకోవచ్చు. ఎమ్, బీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని వదిలేయండి. ముద్రే లేకపోయినా, నూనె మరకలో మందు వాసనో ఉన్నా వదిలేయండి. అసలు ప్యాలెట్లలో ఎక్కువ భాగం మెత్తటి దేవదారు జాతి చెక్క. తీగల లాగుడుకు అది నాకు నచ్చదు.

పాత రైలు పట్టాల స్లీపర్ చెక్క నల్లగా, బరువుగా, చూడ్డానికి ఆశపెట్టేలా ఉంటుంది. దానికి క్రియోసోట్ పట్టించి ఉంటారు. చర్మాన్ని మండించే, క్యాన్సర్ ముప్పు ఉన్న సరుకు అది. ఒళ్లో పెట్టుకుని వాయించే వాయిద్యానికి ససేమిరా పనికిరాదు. చేపల రేవు దగ్గర దొరికే పాత పడవ చెక్క కూడా అంతే. ఉప్పు లోపలిదాకా దిగి వానాకాలమంతా చెమ్మ లాగుతూనే ఉంటుంది. పడవ అడుగున నాచు పట్టకుండా పూసే రంగుల్లో రాగి లాంటి విషాలుంటాయి. వాటన్నిటికంటే పాత పనస పలక ఎక్కడైనా కనిపిస్తే చేజార్చుకోకండి. బొబ్బిలి వీణ చెక్కేది పనస కలపతోనే, దాని నాదం గురించి వేరే చెప్పాలా!

చెక్క ఎంచుకున్నాక చేవ భాగమేదో, పుచ్చు ఎక్కడుందో చూడండి. గోరంత రంధ్రాల నుంచి మెత్తటి పిండి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. తర్వాత బలమైన అయస్కాంతాన్ని నాలుగు వైపులా జరుపుతూ పోండి. పాత స్పీకర్‌లోదైనా సరే, ఇనుము ఉన్నచోట అది పట్టుకుంటుంది. తల తెగి లోపల మిగిలిన మేకు మిషను రంపానికి తగిలితే పళ్లు ఎగిరి ముఖం మీదికొస్తాయి. ప్రతి మేకూ తీసేదాకా చేతి రంపం, చిత్రిక, ఉలితో తప్ప పని చేయొద్దు. కోత మిషను తప్పదంటే వడ్రంగి దగ్గర కోయించుకోండి, అయితే మేకుల సంగతి ఆయనకు ముందే చెప్పండి. గ్రైండర్‌కి ఇనుము కోసే రాయి బిగించి దాంతో చెక్క కోసేవాళ్లను చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయకండి. టేకు పొడి కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. ముక్కుకు ఎన్95 మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. చేతి రుమాలు కట్టుకుంటే సరిపోదు.

ఇక బలం లెక్క. ఇరవై రెండున్నర అంగుళాల తీగ పొడవుకి ఆరు తీగలూ కలిపి, మందాన్ని బట్టి సుమారు 35 నుంచి 70 కిలోల దాకా లాగుతాయి. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు ఎప్పుడూ ఆ పలకకు వేలాడుతున్నాయనుకోండి. పలక మధ్యలో అది పెద్ద విషయం కాదు. ప్రమాదమంతా తల దగ్గరే. తీగలు బిగించే బిరడాలు పట్టాలంటే అక్కడ మందాన్ని పదిహేను మిల్లీమీటర్లకు తగ్గించాలి, ఆ పల్చటి చోటే ఆరు రంధ్రాలూ పడతాయి. చెక్క పొర నిలువునా సాగాలి, ఏటవాలుగా పోకూడదు. అక్కడ ముడి ఉండకూడదు, పాత మేకు రంధ్రం ఉండకూడదు. మందం ఒక్కసారిగా మెట్టులా తగ్గించకుండా వాలుగా చిత్రిక పట్టండి, లేదంటే పగులు ఆ మూల నుంచే మొదలవుతుంది.

తీగలు ఆనే రెండు చివర్లకూ ఎల్ యాంగిల్ ఇనప ముక్కలు చాలు. తీగలు పలకకి సెంటీమీటరు ఎత్తున ఉంటే కడ్డీ చెక్కకు తగలదు. కోసిన అంచులన్నీ ఆకురాయితో గుండ్రంగా రుద్దండి. అంచు పదునుంటే మొదట మీ వేలు తెగుతుంది, తర్వాత తీగ తెగుతుంది. తీగలు కట్టే వైపు యాంగిల్‌ని చిన్న మరలతో సరిపెట్టొద్దు. పాత చెక్కలో మర ఎప్పుడు ఊడి వస్తుందో చెప్పలేం. ఆరపార బోల్టు వేసి, వెనక వాషరూ నట్టూ బిగించండి. ఇనుము మీద జింకు పూత ఉంటే, అంటే తెల్లగా మెరిసే జీఐ పైపు గానీ పట్టీ గానీ అయితే, దాన్ని వెల్డింగ్ చేయించొద్దు, ఎర్రగా కాల్చొద్దు. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరంలా పట్టుకుంటుంది.

మెట్ల బదులు గీతలు గీస్తే చాలు. తీగ పొడవు 571.5 మిల్లీమీటర్లు అనుకుంటే దాన్ని 17.817తో భాగించండి, తల వైపు తీగ ఆనే చోటు నుంచి కొలిస్తే మొదటి గీత 32.1 దగ్గర పడుతుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోండి. పన్నెండో గీత సరిగ్గా సగంలో, 285.75 దగ్గర రావాలి. రాకపోతే లెక్క తప్పింది.

జార్చే కడ్డీకి బైకు మెకానిక్ దగ్గర దొరికే పాత పిస్టన్ పిన్ను బాగుంటుంది. గట్టి ఉక్కు, అద్దంలాంటి నునుపు. ఆటోనగర్‌లో అడిగితే ఊరికే ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఇంజనాయిలు పోయేదాకా సబ్బు నీళ్లతో కడిగి, చివర్లలో పదును లేకుండా చూసుకోండి.

తీగల విషయంలో పొదుపు వద్దు. బ్రేకు వైరు, క్లచ్ వైరు, తుప్పు పట్టిన పాత గిటార్ తీగ ఏదీ వద్దు. శ్రుతి చేస్తున్నప్పుడు తెగిన తీగ నేరుగా కంటికి వస్తుంది. కొత్త సెట్టు వేసి, కళ్లద్దాలు పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పి బిరడా తిప్పండి. మొదటిరోజే పూర్తి శ్రుతికి లాగకుండా సగం దాకా బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే తల దగ్గర వెలుతురులో పగులు కోసం వెతికి, అప్పుడు మిగతా సగం బిగించండి. మిగిలిన కొసలు కత్తిరించేటప్పుడు రెండో చేత్తో పట్టుకోండి, లేకపోతే ముక్క ఎటు ఎగిరిందో మరునాడు అరికాలికి తెలుస్తుంది.

పికప్ కోసం పాత హార్డ్ డిస్కుల్లోని అయస్కాంతాలు తీస్తుంటారు. రెండు ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటే మధ్యలో వేలు నలుగుతుంది. అవి పిల్లల నోటికి, గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలకు దూరంగా ఉండాలి. సోల్డరింగ్ సీసంలో నిజంగానే సీసం ఉంటుంది. కిటికీ తెరిచి పని చేసి, చేతులు కడుక్కున్నాకే టీ తాగండి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కరెంటు. అయస్కాంతపు పికప్‌లో గుర్రుమనే శబ్దం పోవడానికి తీగలను జాక్‌లోని, అంటే ఆంప్లిఫయర్ వైరు గుచ్చే చోటులోని, గ్రౌండ్ వైరుకు కలుపుతారు. ఆ వైరు వెళ్లి ఆంప్లిఫయర్ డబ్బాకు తగులుతుంది. అంటే ఆంప్ డబ్బాలోకి 230 వోల్టులు పాకితే, తీగల్లోకీ పాకినట్టే. లాప్ స్టీల్ వాయించేవారి ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, కుడిచేతి వేళ్లకు లోహపు గోళ్లు. వట్టి కాళ్లతో తడి గచ్చు మీద కూర్చున్నా, మోచేయి కిటికీ గ్రిల్లుకు ఆనినా ప్రాణం పోవడానికి అది చాలు.

అందుకే అటక మీది వాల్వ్ రేడియోని ఆంప్‌గా మార్చే ఆలోచన మానుకోండి. కొన్ని పాత రేడియోల్లో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, కరెంటు వైరు ఒకటి నేరుగా లోపలి లోహపు చట్రానికే కలిసి ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవ ఉండొచ్చు. నేర్చినవాళ్లు తప్ప వెనక అట్ట విప్పకూడదు. మొదటి గిటార్‌కి తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే, ఎల్‌ఎమ్386 చిప్ ఉన్న చిన్న ఆంప్ బోర్డు చాలు. బ్యాటరీ స్పీకర్‌కి కలిపితే ఛార్జర్ తీసేసి వాయించండి.

గోడ కరెంటు ఆంప్ తప్పనిసరైతే మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, రెండు పిన్నుల కన్వర్టర్ మధ్యలో పెట్టి ఎర్త్ తెంపేయకూడదు. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉందనుకోవద్దు. ఉప్పుగాలికి ఎర్త్ కనెక్షన్లు తుప్పుపట్టి తెగిపోతుంటాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొలిపించండి, మీటరు బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించండి. టెస్టర్ వెలగలేదని ధైర్యపడొద్దు, వెలిగితే మాత్రం వెంటనే స్విచ్ ఆపేయండి. ఉరుములు వినిపిస్తే ప్లగ్గు పీకేయండి.

బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్లకు తీగలు త్వరగా తుప్పెక్కుతాయి. వాయించాక పొడిగుడ్డతో కిందా పైనా తుడవండి. చుక్కంత ఎరుపు కనిపించినా ఆ తీగను ఇంకొంచెం బిగించాలని చూడకుండా, వదులు చేసి తీసేసి కొత్తది వేయండి.