సెలవులకు ముందు మీ బ్యాకప్ స్క్రిప్ట్‌ను ఒకసారి చెడగొట్టి చూడండి

సంక్రాంతికి ఊరెళ్లే హడావుడిలో సర్వర్లు చూసుకునేవాళ్లు నిన్న రాత్రి బ్యాకప్ ఫైల్ వచ్చిందో లేదో ఓసారి చూస్తారు. కనిపిస్తే లాప్‌టాప్ మూసేస్తారు. ఆ తర్వాత వారం రోజులు లాగ్ తెరిచి చూసే నాథుడుండడు. మధ్యలో ఆగిపోయే స్క్రిప్ట్‌తో (కమాండ్లను వరుసగా నడిపే ఫైల్) నాకంత భయం లేదు, ఆగితే ఎవరో ఒకరికి తెలుస్తుంది. పని చెడినా "అయిపోయింది" అని చెప్పే స్క్రిప్ట్‌తోనే అసలు ప్రమాదం. సెలవు పెట్టే ముందు వెతికి పట్టుకోవాల్సింది దాన్నే.

2017 జనవరి 31న కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తొలగించారు. దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే దాన్ని దాచే క్లౌడ్ స్టోరేజ్ బకెట్ ఖాళీగా ఉంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ (డేటా మొత్తాన్ని ఫైల్‌లోకి రాయడం) తీసే ప్రోగ్రామ్ 9.2. వెర్షన్లు కలవక డంప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతూ వచ్చింది. చెప్పిన వేళకి స్క్రిప్టులు నడిపే క్రాన్ ఆ సంగతి మెయిల్ చేస్తూనే ఉంది, కానీ సరైన సంతకం లేదని ఆ మెయిళ్లను అవతలి సర్వర్ తిప్పికొట్టింది. చివరికి 6 గంటల ముందు వేరే పనికి తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో దాని నకలు) ఆదుకుంది. ఇదంతా వాళ్లే దాచకుండా రాశారు కాబట్టి మనకు తెలిసింది.

ప్రతి కమాండ్ ముగిసేటప్పుడు షెల్‌కి, అంటే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్‌కి, ఒక అంకె ఇచ్చి పోతుంది. 0 అంటే పని సవ్యంగా అయినట్టు. 1 నుంచి 255 వరకు ఏది వచ్చినా ఏదో తేడా ఉన్నట్టు. ఆ అంకెను పట్టించుకోమని మనం చెప్పేదాకా షెల్ పట్టించుకోదు, పై లైన్ ఫెయిలైనా కింది లైన్‌కి వెళ్లిపోతుంది. అంకె $? అనే ప్రత్యేక వేరియబుల్‌లో దొరుకుతుంది గానీ, తర్వాతి కమాండ్ నడిచేదాకే. మధ్యలో ఒక ఎకో (తెర మీద రాసే కమాండ్) పెట్టి ఆ తర్వాత $? చూస్తే మీకు కనిపించేది ఎకో ఫలితం. అందుకని వెంటనే ఒక వేరియబుల్‌లో దాచుకోండి.

బ్యాకప్ స్క్రిప్టుల్లో ఎక్కువమందిని ముంచేది పైప్, అంటే ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి అందించే | గుర్తు. డంప్ తీసి, పైప్‌లో ఫైళ్లను కుదించే జీజిప్‌కి ఇచ్చి, ఫైల్‌లో రాసే లైన్ దాదాపు ప్రతి చోటా ఉంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ మారిందనుకోండి. డంప్ మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి బయటికొస్తుంది. జీజిప్‌కి లోపలికి ఏమీ రాకపోయినా అది 20 బైట్ల ఫైల్ ఒకటి తయారుచేసి 0 ఇస్తుంది. పైప్‌లో చివరి కమాండ్ ఏమిస్తే షెల్‌కి అదే మొత్తం ఫలితం. కాబట్టి స్క్రిప్ట్ దృష్టిలో బ్యాకప్ అయిపోయింది. ఆ ఫైల్‌ను జీజిప్‌తో టెస్ట్ చేసినా బాగానే ఉందంటుంది, ఎందుకంటే ఖాళీగా ఉన్నా అది సరైన జీజిప్ ఫైలే. ఆ కింద 7 రోజులు దాటిన ఫైళ్లను తీసేసే లైన్ కూడా ఉంటే, మీరు ఊర్నుంచి వచ్చేసరికి మంచి బ్యాకప్పులన్నీ పోయి ఈ 20 బైట్ల ఫైళ్లే మిగులుతాయి.

దీనికి ముందు జాగ్రత్త, సెట్ కమాండ్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టడం. అప్పుడు పైప్‌లో ఏ ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిలే. స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బాష్ అనే షెల్ పేరు రాయండి, డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో మామూలు ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే ఇంకో షెల్, పాత వెర్షన్లలో దానికి ఈ ఆప్షన్ లేదు. అక్కడితో ఆగకండి. డంప్‌ను ముందు తాత్కాలిక పేరుతో రాయండి. సైజు నిన్నటి దానికి దగ్గరగా ఉందో లేదో చూడండి. మైఎస్‌క్యూఎల్ డంప్ అయితే చివర్లో డంప్ పూర్తయిందనే లైన్ ఉంటుంది, పోస్ట్‌గ్రెస్ మామూలు టెక్స్ట్ డంప్‌లోనూ అలాంటిదే ఉంటుంది, దాన్ని వెతకండి. అన్నీ సరిపోయాకే అసలు పేరు పెట్టండి, ఆ తర్వాతే పాతవి తీసేయండి. ఈ వరుస మారకూడదు.

సెట్ -ఈ పెట్టేశాం కదా, ఎక్కడ ఎర్రరొస్తే అక్కడ ఆగుతుందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. పెట్టండి, మంచిదే, కానీ దాని మీదే భారం వేయకండి. ఒక ఫంక్షన్‌ను ఇఫ్ పక్కన పెట్టి పిలిచినా, దాని తర్వాత || (ఫెయిలైతే ఇది చెయ్ అనే గుర్తు) రాసినా, ఆ ఫంక్షన్ లోపలంతా సెట్ -ఈ పనిచేయదు. లోపల మూడో లైన్ ఫెయిలైనా నాలుగో లైన్ నడుస్తుంది. అలాగే లోకల్ అని వేరియబుల్ ప్రకటిస్తూ అదే లైన్‌లో ఒక కమాండ్ ఫలితాన్ని అందులో పెడితే, ఆ కమాండ్ ఫెయిలైనా లోకల్ ఇచ్చే 0 దాన్ని కప్పేస్తుంది. ప్రకటన ఒక లైన్‌లో, విలువ ఇంకో లైన్‌లో రాయండి. ముఖ్యమైన కమాండ్ పక్కన మాత్రం || పెట్టి, ఏం పోయిందో చెప్పి ఎగ్జిట్ అయ్యేలా చేతితో రాయడమే నాకు నమ్మకం.

తుడిచే లైన్ ఉన్న ప్రతి స్క్రిప్ట్‌నూ విడిగా చదవండి. ఫోల్డర్ మార్చే సీడీ ఫెయిలైతే మీరు ఇంకా పాత ఫోల్డర్‌లోనే ఉంటారు, కింద ఫైళ్లు తీసేసే ఆర్‌ఎమ్ అక్కడే తుడుస్తుంది. 2015 జనవరిలో బయటపడిన, గేమ్‌ల యాప్ స్టీమ్ లినక్స్ వెర్షన్ బగ్ ఇలాంటిదే. సీడీ ఫెయిలై వేరియబుల్ ఖాళీ అయింది, దాని పక్కన ఉన్న స్లాష్ (అంటే డిస్క్ మొత్తానికి మూల ఫోల్డర్) మాత్రం మిగిలింది, ఆర్‌ఎమ్ ఒక యూజర్ ఫైళ్లన్నీ ఊడ్చేసింది. సెట్ -యూ అసలు లేని వేరియబుల్‌నే పట్టుకుంటుంది, ఉండి ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. వేరియబుల్ పేరు తర్వాత బ్రేసుల్లోనే :? రాస్తే రెండింటినీ ఆపుతుంది.

సున్నా కాని ప్రతిదీ ప్రమాదమే అనుకుని కంగారుపడక్కర్లేదు. ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ 1 ఇస్తే వెతికింది దొరకలేదని అర్థం, 2 ఇస్తేనే నిజంగా తప్పు జరిగినట్టు. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ 24 అంటే కాపీ అవుతుండగా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని, నడుస్తున్న సర్వర్లో అది మామూలే. అలాంటి అంకెలను పేరుపేరునా వదిలేయండి. లైన్ చివర || ట్రూ (ఎప్పుడూ 0 ఇచ్చే కమాండ్) తగిలించి అన్నిటి నోరూ మూయకండి. ఎర్రర్లను డెవ్ నల్ అనే ఏదీ మిగలని చోటికి తోసే లైన్లుంటే ఈ వారం తీసేయండి.

క్రాన్‌లో 127 వస్తే కమాండ్ దొరకలేదని. మీ టెర్మినల్‌లో ఉన్న పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) క్రాన్‌కి ఉండదు, కమాండ్ ఏ ఫోల్డర్‌లో ఉందో పూర్తిగా రాయండి. 126 అయితే ఫైల్ ఉంది గానీ నడిపే పర్మిషన్ లేదు. 137 అంటే 128కి 9 (చంపే సిగ్నల్ నంబర్) కలిపినది, ఎవరో ప్రాసెస్‌ను బలవంతంగా చంపారు. ఎక్కువసార్లు మెమరీ చాలక కెర్నలే చంపుతుంది.

ఫెయిలైతే మెయిల్ వస్తుందనే ఏర్పాటు ఒక్కటే ఉంటే సరిపోదు. మెయిలే రాకపోతే అంతా బాగుందని అనుకుంటారు. స్క్రిప్ట్ సక్సెస్ అయినప్పుడే వేరే మెషిన్‌కి ఒక కబురు పంపేలా, అది ఉదయానికల్లా రాకపోతే అక్కడి నుంచి అలారం మోగేలా పెట్టండి. మెషిన్ మొత్తం ఆగిపోయినా ఇది పట్టిస్తుంది.

ఇప్పుడు చెడగొట్టండి. టెస్ట్ మెషిన్ మీద పాస్‌వర్డ్ తప్పు ఇచ్చి ఒకసారి, టార్గెట్ ఫోల్డర్ పేరు మార్చి ఒకసారి, చిన్న పార్టిషన్ నిండేలా చేసి ఒకసారి స్క్రిప్ట్ నడపండి. మూడుసార్లూ $? సున్నా కాకూడదు, అలారం మోగాలి, పాత బ్యాకప్ ఒక్కటి కూడా పోకూడదు. దానికి ముందు షెల్‌చెక్‌తో ఫైల్‌ను పరీక్షిస్తే పైన చెప్పిన లోకల్, సీడీ తప్పుల్లాంటివి అదే చూపిస్తుంది. ఆఖరున నిన్నటి బ్యాకప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి, ఒక పెద్ద టేబుల్‌లో నిన్నటి తేదీ రికార్డులున్నాయో లేదో చూసి, అలారం ఎవరి ఫోన్‌కి వెళ్లాలో ఆ మనిషికి చెప్పి బయల్దేరండి.