నాన్న చెప్పేవి దాచుకోవాలంటే

నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిశాక మాకు మిగిలింది ఐదు నెలలు. నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపిన మనిషి. "పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పు నాన్నా" అని ఫోన్‌ని స్టాండుకి బిగించి వీడియో మొదలుపెట్టాను. ఆయన కండువా సర్దుకుని, స్కూలు వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథిలా "కష్టపడాలి, నిజాయితీగా ఉండాలి" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ వీడియో మా ఇంట్లో ఎవరూ చూడరు. మీరు మాత్రం ఆ పని చేయకండి.

పాఠాలు అడగొద్దు. ఏదైనా వస్తువు చేతికివ్వండి. నేను అటక మీంచి పాత ఖాతా పుస్తకం దించి ఒళ్ళో పెట్టాను. వేలు పేర్ల మీద నడుపుతూ తనే మొదలుపెట్టారు. ఫలానా ఆయన మిరపకాయలు అమ్మగానే వచ్చి కట్టేవాడట. ఇంకొకావిడ ఎప్పుడూ పావుకిలో కందిపప్పే తీసుకునేదట, అప్పు పెరుగుతుందని భయం. ఒక పేజీలో 1,840 రూపాయల బాకీ, దాని మీద అడ్డంగా గీత.

"కట్టేశాడా?" అన్నాను.

"ఎక్కడ కట్టాడు? బాకీ ఉన్నవాడు మన కొట్టు ముందు నుంచి నడవడురా, వెనక సందులోంచి పోతాడు. ఒకరోజు నేనే పిలిచి, పద్దు తప్పు రాశాను, నీది ఎప్పుడో తీరిపోయిందిలే అన్నా. మర్నాటి నుంచి మళ్ళీ సరుకులు మన దగ్గరే. దానం కాదురా, వ్యాపారం."

అలాంటి మాట స్టాండు ముందు రాదు. త్రాసు, పెళ్ళి ఫోటో, పాత కరెంటు బిల్లు, ఏదైనా పనికొస్తుంది.

వేళ చూసుకోండి. మాకు పొద్దున పది ప్రాంతం కుదిరింది. రికార్డింగ్ కోసం నొప్పి మాత్ర ఆపడం, వెనక్కి జరపడం చేయకండి. మగత ఎక్కువగా ఉంటే డాక్టర్‌ని అడగండి. ఇరవై నిమిషాలు చాలు. చూడటానికి చుట్టాలు వచ్చినప్పుడు అసలు వద్దు, వాళ్ళకే ధైర్యం చెప్పే పని ఆయన మీద పడుతుంది. ఫోన్ ఆన్‌లో ఉందని ముందే చెప్పండి. "ఇది వద్దు" అంటే వెంటనే ఆపేయండి.

కాగితాల పని వేరే రోజు పెట్టుకోండి, రెండూ కలిపితే ఆయనకీ టెన్షన్, మనకీ టెన్షన్. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఆయన సంతకం చేయడం చూసి ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. ఆస్తి వచ్చేవాళ్ళు సాక్షులుగా లేకపోవడమే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, తర్వాత గొడవలొస్తే బలంగా నిలబడుతుంది. బ్యాంకు ఖాతాలో నామినీ పేరున్నంత మాత్రాన ఆ డబ్బు నామినీది అయిపోదు, వారసుల తరఫున తీసుకోవడమే. ప్రతి ఖాతాలో ఎవరి పేరుందో చూడండి. మా నాన్న ఖాతాలో అప్పటికి పదేళ్ళ కిందట పోయిన నాయనమ్మ పేరుంది. మార్చే ఫారం మీద సంతకం చేస్తూ, "మా అమ్మ ఇన్నాళ్ళూ కాపలా కాసింది" అన్నారు.

రికార్డింగులు అదే రోజు ఇంకో చోట కాపీ చేయండి, ఒక్క ఫోన్‌ని నమ్ముకోవద్దు. ఫైలుకి తేదీ ఒక్కటే పెడితే తర్వాత ఏది ఏదో తెలియదు, వస్తువు పేరు కూడా పెట్టండి. దగ్గు వచ్చిన చోట కత్తిరించకండి. నేను మొదటి రెండింట్లో శుభ్రం చేద్దామని కత్తిరించాను, ఇప్పుడు ఆ మాటలు అతికించినట్టు వినిపిస్తాయి.

నా దగ్గర మొత్తం పదకొండు ఉన్నాయి. ఖాతా పుస్తకం, త్రాసు, అమ్మ గాజుల తాకట్టు... ఆ మూడోది పంపి ఏడాదైంది. అక్క ఇంకా వినలేదు.