ట్రైలర్ లైట్లు పిచ్చిపిచ్చిగా వెలుగుతున్నాయా? బల్బు కొనేముందు ఎర్త్ చూడండి

ఎడమ ఇండికేటర్ వేస్తే కుడివైపు కూడా మసగ్గా కొట్టుకుంటోంది. హెడ్‌లైట్లు వేసుకుని బ్రేక్ తొక్కితే వెనక లైట్లు పెరగాల్సింది పోయి తగ్గిపోతున్నాయి. ఇంటి ముందు చూసినప్పుడు అన్నీ శుభ్రంగా వెలిగాయి, రోడ్డెక్కాక ప్రతి గుంతకీ ఆరి మళ్ళీ వెలుగుతున్నాయి. ట్రైలర్ ఊడిపోయిందని డాష్‌బోర్డులో మెసేజ్ వచ్చి, మనం బండి ఆపేలోపు దానంతట అదే పోతోంది. రోజంతా నడిపినా రాత్రికి ట్రైలర్ బ్యాటరీ నిండట్లేదు.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు చూడాల్సింది ఎర్త్, అంటే బల్బులోకి వెళ్ళిన కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. ఇక్కడ అమెరికాలో గ్రౌండ్ అంటారు, మన ఆటో ఎలక్ట్రీషియన్లు ఎర్త్ అంటారు, రెండూ ఒకటే. బల్బు కాదు, ప్లగ్గు కాదు, ట్రైలర్ బ్రేకులకి కరెంటు పంపే బ్రేక్ కంట్రోలర్ కాదు.

నేను ఫీనిక్స్ నుంచి 13 అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రైలర్, అంటే బండి వెనక లాక్కుపోయే చిన్న ఇల్లు లాంటిది, తగిలించుకుని ప్రతి చలికాలం కిందకి మెక్సికోకి దిగుతుంటా. వారం రోజులే ఉంటే ల్యూక్‌విల్ దగ్గర బోర్డర్ దాటి ప్యూర్టో పెన్యాస్కో, అది అక్కడినుంచి 100 కిలోమీటర్లే, ఇంకొంచెం టైమ్ ఉంటే నొగాలెస్ మీదుగా 15వ నంబర్ హైవే పట్టుకుని గ్వాయ్మాస్ పక్కన శాన్ కార్లోస్, నెల దొరికితే మెక్సికో పడమటి వైపున్న బాహా ద్వీపకల్పంలో ములెహె దాటాక వచ్చే బహియా కన్సెప్సియోన్ బీచ్‌లు. సాంటిస్పాక్‌లో, ఎల్ రెకెసోన్‌లో నీళ్ళ అంచు దాకా తీసుకెళ్ళి ట్రైలర్ పెట్టుకోవచ్చు, పొద్దున తలుపు తీస్తే ఎదురుగా సముద్రమే. మరి విశాఖలో బీచ్ రోడ్డు పక్క ఇళ్ళ కిటికీ ఊచలు చూసినవాళ్ళకి ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో నేను వేరే చెప్పాలా? ఆ గాలి ట్రైలర్ కింద ఉన్న ప్రతి బోల్టుకీ ప్రతి వైరు చివరకీ రాత్రీపగలూ తగుల్తూనే ఉంటుంది. మిన్నెసోటా, మిషిగన్ వైపు నుంచి దిగేవాళ్ళకి ఇంకా ఘోరం, వాళ్ళ ఊళ్ళో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బయల్దేరేటప్పటికే కింద పట్టుకుని ఉంటుంది.

బీచ్‌లో పక్క ట్రైలర్ వాళ్ళు "లైట్లు పనిచెయ్యట్లేదు, ఒకసారి చూస్తారా" అని వచ్చినప్పుడల్లా నేను అడిగే మొదటి ప్రశ్న ఎర్త్ చూశారా అనే. దాదాపు ఎవరూ చూసుండరు. అప్పటికే బల్బులు మార్చేసుంటారు, కొందరైతే కొత్త ఎల్‌ఈడీ లైట్ల సెట్టు మొత్తం కొనేసుంటారు.

మెక్సికోలో ఇది ఎందుకంత ముఖ్యమంటే

బాహాలో తిహువానా నుంచి కాబో శాన్ లూకాస్ దాకా పోయే 1వ నంబర్ హైవే 1973లో పూర్తయింది, 1,700 కిలోమీటర్లు. చాలాచోట్ల అటొక లేను ఇటొక లేను, తెల్ల గీత దాటితే దిగడానికి మార్జిన్ ఉండదు. అక్కడ డ్రైవర్లలో ఒక అలవాటు ఉంది: ముందు నెమ్మదిగా పోతున్న బండి ఎడమ ఇండికేటర్ వేసిందంటే "ఎదురుగా ఏం రావట్లేదు, నన్ను దాటిపో" అని అర్థం. అమెరికా ట్రైలర్లలో బ్రేక్ లైటూ ఇండికేటరూ ఒకే బల్బు. కుడివైపు ఎర్త్ పోయి ఆరిపోయి, ఎడమవైపు లూజుగా ఉండి బండి ఎగిరినప్పుడల్లా ఆరి వెలుగుతుంటే, మీరు మలుపులో బ్రేక్ తొక్కుతుంటే వెనకున్న లారీవాడికి అది దాటిపొమ్మన్న సైగలా కనబడుతుంది. నాకు ఇది కటవీన్యా వైపు పోతుంటే జరిగింది, ఎదురుగా గుడ్డి మలుపు, వెనక లారీ సగం పక్క లేన్లోకి వచ్చేసింది, అద్దంలో చూసి నేను చెయ్యి బయటపెట్టి ఊపితే వెనక్కి తగ్గాడు. ఆరోజు నుంచి నేను ఈ విషయంలో ఎవరికీ మొహమాటానికి పోను, లైట్లు తేడాగా ఉన్న ట్రైలర్ కనిపిస్తే ఆపి మరీ చెప్తాను.

ముందు రెండు నిమిషాల పని

ఫ్యూజులు, బల్బులు చూడండి, అది మీకు తెలిసిందే. ఒకే ఒక్క లైటు, ఒకే ఒక్క పని మానేసి మిగతావన్నీ మామూలుగా ఉంటే అది బల్బో ఫ్యూజో అయ్యుంటుంది, మార్చేసి బయల్దేరండి. ఒక లైటు వేస్తే ఇంకోటి స్పందిస్తోంది అంటే మాత్రం అక్కడే ఆగి ఆలోచించాలి. కరెంటు బల్బులోకి వెళ్ళింది, వెనక్కి రావాల్సిన దారి మూసుకుపోయింది, అందుకని పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. మామూలు ఫిలమెంట్ బల్బులు ఉన్నవాళ్ళకి ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఎల్‌ఈడీలు ఉంటే మిణుకుమిణుకుమంటాయి లేకపోతే ఒక్కసారిగా ఆరిపోతాయి.

అసలు దొంగ: హిచ్ బాల్

నన్ను రెండు సీజన్లు తిప్పలుపెట్టింది ఇదే, అందుకే వివరంగా రాస్తున్నా.

ట్రైలర్‌ని బండికి కలిపే ప్లగ్గులో తెల్ల వైరు ఉంటుంది, అది ఎర్త్. ట్రైలర్ నుంచి కరెంటు మొత్తం ఆ వైరు గుండానే బండిలోకి తిరిగి రావాలి. కానీ ట్రైలర్ తగిలించగానే ఇంకో దారి కూడా ఏర్పడుతుంది: ట్రైలర్ ఫ్రేము, దాని మూతికుండే తొడుగు లాంటి కప్లర్, దాని కింద బండి వెనకుండే ఇనుప గుండు అంటే హిచ్ బాల్, అక్కడినుంచి బండి ఫ్రేము. ఇనుముకి ఇనుము తగుల్తోంది కదా, సేఫ్టీ గొలుసులు కూడా తగుల్తాయి. తెల్ల వైరు చిలుముపట్టి పూర్తిగా చచ్చిపోయినా బాల్ గుండా కరెంటు పోతూనే ఉంటుంది, మీరు ఇంటి ముందు చెక్ చేస్తే అన్నీ వెలుగుతాయి. రోడ్డెక్కాక, ఊరు మొదట్లో వచ్చే టోపేల మీద, అంటే మన స్పీడ్ బ్రేకర్లకి పెద్దన్నయ్యల్లాంటివి, కప్లర్ లేచి పడుతుంటే ఆ దారి తెగుతుంది కలుస్తుంది. బాల్ మీద గ్రీజు రాస్తే ఇంకా తెగుతుంది.

నేను ఒక షాపులో చూపిస్తే వాళ్ళు ట్రైలర్ తగిలించే ఉంచి టెస్టు చేశారు, అన్నీ బాగున్నాయి అన్నారు, అయినా అనుమానంతో లైట్లు రెండూ, ప్లగ్గూ కొత్తవి వేసి బిల్లు చేతిలో పెట్టారు. మూడోరోజుకి మళ్ళీ మొదలు. చివరికి ట్రైలర్ ముందు మూతి దగ్గర తెల్ల వైరుని ఫ్రేముకి బిగించిన స్క్రూ విప్పితే అది చేతిలోకి పొడిలా రాలింది.

కాబట్టి టెస్టు ఇలా చెయ్యాలి. చదునుగా ఉన్న చోట ఆపి, ట్రైలర్ చక్రాలకి రెండు వైపులా చాక్స్, అంటే దొర్లకుండా ఆపే అడ్డుదిమ్మలు, గట్టిగా పెట్టండి, ఇది మానేసి తర్వాతది చెయ్యకండి. గొలుసులు విప్పండి. కప్లర్ తాళం తీసి ముందు జాక్ తిప్పి కప్లర్‌ని బాల్ మీద నుంచి పూర్తిగా పైకి లేపండి, ఇనుముకి ఇనుము ఎక్కడా తగలకూడదు. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పట్టించే బ్రేక్‌అవే కేబుల్ లాగబడకుండా చూసుకోండి. ప్లగ్గు మాత్రం పెట్టే ఉంచండి. ఇప్పుడు లైట్లు, బ్రేకు, రెండు ఇండికేటర్లు ఒకరు వేస్తుంటే ఇంకొకరు వెనక నిలబడి చూడండి. బాల్ మీద ఉన్నప్పుడు వెలిగి, లేపగానే ఆరిపోయినా మసకబారినా రోగం తెలిసిపోయినట్టే.

తర్వాత ఒక జంపర్ కేబుల్ తీసుకుని ఒక కొస బండి ఫ్రేము మీద పెయింట్ లేని చోట, ఇంకో కొస ట్రైలర్ ఫ్రేము మీద పెయింట్ లేని చోట పట్టించండి. లైట్లు బాగుపడితే తప్పు తెల్ల వైరు దారిలో ఉంది. బాగుపడకపోతే ఫ్రేము నుంచి లైటు దాకా ఉన్న ఎర్త్‌లో ఉంది. ఫైబర్‌గ్లాస్ బాడీ కరెంటుని మొయ్యదు, అందుకని నా లాంటి ట్రైలర్లలో ప్రతి లైటుకీ విడిగా ఎర్త్ వైరు ఉంటుంది, ఆ వైరు కొస కూడా ఎక్కడో ఫ్రేముకే బిగించుంటుంది, దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ పొండి.

మల్టీమీటర్ ఉన్నవాళ్ళు, కప్లర్ అలా లేపి ఉంచే, లైట్లు వేసి ఒక ప్రోబ్ బండి బ్యాటరీ నెగటివ్‌కీ ఇంకోటి ట్రైలర్ ఫ్రేముకీ పెట్టి డీసీ వోల్టులు చూడండి. 0.2 లోపు ఉంటే పర్లేదు, ఒకటి దాటితే ఎర్త్ పోయినట్టే. లైట్లు ఆర్పేసి ఓమ్స్ చూసి బాగుందనుకోకండి, ఒక్క పోగు రాగి మిగిలున్నా ఓమ్స్ బాగానే చూపిస్తుంది, లోడ్ పడితేనే బండారం బయటపడేది.

బాగుచెయ్యడం

పాత స్క్రూని మళ్ళీ బిగించి వదిలెయ్యకండి. అది రెండు వారాలు ఆగుతుంది, ఎల్ రొసారియో దాటాక గెర్రెరో నెగ్రో దాకా 300 కిలోమీటర్ల పైన ఎడారి, సరిగ్గా అక్కడే పోతుంది.

వైరు కొస కోసి రాగి చూడండి. నల్లగా గానీ పచ్చగా గానీ ఉంటే ఇంకొంచెం వెనక్కి కొయ్యండి, ఉప్పు తేమ ఇన్సులేషన్ లోపల నుంచి పాక్కుంటూ పోతుంది, నేను ఒకసారి జానెడు కోసాక గానీ మెరిసే రాగి కనబడలేదు. వైరు పొట్టిదైపోతే 10 గేజ్‌ది అతుకు వెయ్యండి, పడవలకి వాడే తగరం పూత వైరు దొరికితే అదే తీసుకోండి. కొసకి రింగ్ టెర్మినల్ (బోల్టు దూరే కన్నమున్న లోహపు కొస) పెట్టి క్రింపర్‌తో గట్టిగా నొక్కి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి వేడిచెయ్యండి. ఫ్రేము మీద రూపాయి బిళ్ళంత మేర ఉప్పు కాగితంతో తెల్లటి ఇనుము కనబడే దాకా రుద్ది, స్టీలు బోల్టు, పళ్ళున్న వాషరు, నట్టు వేసి బిగించండి. తనంతట తను దిగే స్క్రూలు వద్దు, అవే ముందు తుప్పుపడతాయి. బిగించాక పైన పెయింటో గ్రీజో పూయండి, ముందు కాదు, ఈ గ్రీజు కరెంటు మొయ్యదు, తేమని ఆపడానికే.

అదే ఊపులో ప్లగ్గులో ఎర్త్ పిన్ను, బండి వెనక సాకెట్టు ఎర్త్ వైరు బండి ఫ్రేముకి ఎక్కడ బిగించారో అక్కడ, ట్రైలర్ మూతి మీద వైర్లన్నీ కలిసే జంక్షన్ బాక్స్ ఉంటే దాని లోపల, ఈ మూడు కూడా చూసెయ్యండి. బండి వైపు ఎర్త్ పోయినవి కూడా నేను చూశాను, అందరూ ట్రైలర్ కింద పడుకుని వెతుకుతుంటారు, బండి బంపర్ కింద ఎవరూ చూడరు.

బ్రేకులు మెత్తగా ఉంటే

ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్‌లో ఒక్కో చక్రం మాగ్నెట్ 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ కరెంటు కూడా ఇదే తెల్ల వైరు గుండా రావాలి. ఎర్త్ సగం పోయుంటే బ్రేక్ కంట్రోలర్ ఎంత పెంచినా ట్రైలర్ ఆగదు, వెనక నుంచి నెడుతున్నట్టుంటుంది. కంట్రోలర్ సెట్టింగు పెంచుకుంటూ పోతే, ఏదో ఒక టోపే దగ్గర ఎర్త్ కలిసిన క్షణంలో చక్రాలు ఒక్కసారిగా పట్టేస్తాయి. ఎర్త్ సరిచేశాక సెట్టింగు మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోండి.

బ్యాటరీ నిండకపోతే

ఇంజన్ ఆన్‌లో ఉండగా ట్రైలర్ బ్యాటరీ దగ్గర 13 పైన వోల్టులు కనబడాలి. 12.6 దగ్గరే ఆగిపోయుంటే ఎర్త్ టెస్టు పైన చెప్పినట్టే చెయ్యండి, అది బాగుంటే బండిలో ట్రైలర్ చార్జింగ్ ఫ్యూజు చూడండి, కొన్ని బండ్లలో ఆ ఫ్యూజు పెట్టకుండానే అమ్ముతారు. రాత్రంతా లోడ్ లేకుండా ఉంచాక పొద్దున 12.1 దగ్గర ఉంటే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం ఖాళీ అయినట్టు, అంతకన్నా దిగనివ్వకండి. బీచ్‌లో ఎన్ని రోజులైనా కూర్చునేవాళ్ళకి సోలార్ ప్యానెల్ ఒకటి ఉంటే బండి నుంచి వచ్చే ఈ చార్జింగ్ లైను మీద ఆధారపడక్కర్లేదు.

మిగతావి

బండిలో ట్రైలర్ లైట్లని నడిపే టో మాడ్యూల్ కాలిపోవడం, లోపల ఎక్కడో వైరు తెగడం, ఎలుక కొరకడం, ఇవన్నీ ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి పొండి.

లైట్లకి సంబంధం లేకపోయినా ఇంకొక్కటి: ప్యూర్టో పెన్యాస్కో, శాన్ ఫెలిపె వైపు పోటూ ఆటూ మధ్య తేడా 6, 7 మీటర్ల దాకా వస్తుంది, ఇసుకలో పెట్టిన ట్రైలర్ చక్రాలు తెల్లారేసరికి నీళ్ళలో ఉంటాయి. చక్రం మధ్యనుండే హబ్ మునిగిందంటే బేరింగులు విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టకుండా వెనక్కి లాగొద్దు. ఇంటికొచ్చాక కింద అంతా మంచినీళ్ళతో కడగండి, జంక్షన్ బాక్స్ మూత మూసే ఉంచి కడగండి.

చేత్తో చేసుకోలేకపోతే ఏ ఊళ్ళోనైనా ఆటో ఎలెక్త్రికో అని బోర్డున్న చిన్న షాపుకి తీసుకెళ్ళండి, ఎర్త్‌ని స్పానిష్‌లో తియెర్రా అంటారు, ఉప్పు కాగితాన్ని లిహా అంటారు, వైరు చూపించి తియెర్రా అంటే చాలు, ఆయనకి అర్థమైపోతుంది. బాల్ మీద నుంచి లేపి చూడమని మాత్రం మీరే చేతులతో చూపించి చెప్పాలి. హైవే మీద ఆగిపోతే 078కి ఫోన్ చేస్తే ఆంఖెలెస్ వెర్దెస్ అని ప్రభుత్వం నడిపే పచ్చ ట్రక్కులు వస్తాయి. చీకటి పడ్డాక మాత్రం లైట్లు బాగున్నా సరే లాక్కుని పోవద్దు, ఆ రోడ్ల మీద ఆవులు తిరుగుతుంటాయి, నల్లావు హెడ్‌లైట్ వెలుగులోకి వచ్చేసరికి ఆపే టైమ్ ఉండదు.