జిరాక్సు కొట్టు నుంచి: కాలేజీలో పాలస్తీనా మీద సభ పెట్టే పిల్లలకి

ఒడిశా బరంపురంలో ఒక కాలేజీ గేటు ఎదురుగా నాది జిరాక్సు, డీటీపీ కొట్టు. పద్దెనిమిదేళ్ళయింది పెట్టి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ టైపు చేస్తాను. తెలుగు పిల్లలు అన్నా అంటారు, ఒడియా పిల్లలు భాయినా అంటారు, బాకీ ఉన్నవాళ్ళు సార్ అంటారు. 2023 అక్టోబరు తర్వాత ఏడాదికి రెండు మూడు జట్లు పెన్‌డ్రైవు పట్టుకుని వస్తున్నాయి. "అన్నా, గాజా మీద పోస్టరు కొట్టాలి." ప్రతి జట్టుకీ అవే మాటలు చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. అందుకే ఈ రాత.

నా మనసు ఎటో ముందే చెప్పేస్తాను. యుద్ధం ఆగాలి, పాలస్తీనా వాళ్ళకంటూ ఒక దేశం ఉండాలి అనుకునేవాణ్ణి. అయినా హమాస్ పట్టుకుపోయిన బందీల గురించి ఒక కుర్రాడు పోస్టరు తెస్తే అదీ కొట్టాను, అదే రేటుకి. ఎవరికైనా షరతు ఒక్కటే: కాగితం మీద అంకె ఉందంటే, దాని కిందే అది ఎవరు చెప్పారో, ఏ తేదీ నాటిదో ఉండాలి. లేదంటే మిషను తిరగదు.

ఈ షరతు ఊరికే పుట్టలేదు. 2023 నవంబరులో మొదటి జట్టుకి నలభై పోస్టర్లు కొట్టాను. శిథిలాల్లో కూర్చున్న పసిపిల్ల ఫొటో, కింద నాలుగు మాటలు. నాకే కళ్ళు చెమర్చాయి. మధ్యాహ్నానికల్లా ఫిజిక్సు కుర్రాడొకడు ఫోన్లో వెతికి, ఆ ఫొటో ఎన్నో ఏళ్ళ కిందటిదనీ, సిరియాలో తీసిందనీ బయటపెట్టాడు. ఇంక చూడండి. "ఇదొక్కటే అబద్ధమా, మిగతావన్నీనా?" అని క్యాంటీన్ అంతా అదే మాట. ఆ సభకి పదకొండు మంది వచ్చారు, అందులో నలుగురు నిలదీయడానికి వచ్చినవాళ్ళు. తప్పు వాళ్ళది ఎంతో నాదీ అంతే, చూడకుండా కొట్టాను కదా.

కాబట్టి మొదటి పని ఫొటో పరీక్ష. గూగుల్ లెన్స్‌లో పెట్టి, ఆ బొమ్మ మొదట ఎప్పుడు, ఎక్కడ కనబడిందో చూడండి. వీడియో అయితే ఇంకా జాగ్రత్త. ఆర్మా 3 అనే వీడియో గేమ్ ముక్కల్ని నిజం యుద్ధమని ఎన్నిసార్లు తిప్పారంటే, ఆ గేమ్ చేసిన కంపెనీయే అది మా ఆట బాబూ అని చెప్పుకోవాల్సి వచ్చింది. 2024 మే నెలలో రఫా పేరుతో డేరాల బొమ్మ ఒకటి ఇన్‌స్టాగ్రాంలో నాలుగు కోట్ల మందికి పైగా పెట్టుకున్నారు, మీరూ పెట్టుకునే ఉంటారు. అది ఏఐ గీసిన బొమ్మ. నన్నడిగితే ఫొటోయే వద్దు. మ్యాపు పెట్టండి. గాజా పొడవు దాదాపు 41 కిలోమీటర్లు, అంటే ఇచ్ఛాపురంలో బస్సెక్కి బరంపురం మీదుగా ఛత్రపురం దిగినంత. వెడల్పు 6 నుంచి 12. మొత్తం 365 చదరపు కిలోమీటర్లు, అందులో ఇరవై లక్షల పైచిలుకు జనం. మన గంజాం జిల్లా ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైనే. ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఆ మ్యాపు ముందు నిలబడి, "అన్నా, మా ఊరి కాడ మొదలెట్టి ఇక్కడికి వచ్చీసరికి సగం దేశం అయిపోనాదా?" అంది. నలభై పోస్టర్లు చెయ్యలేని పని ఆ ఒక్క మ్యాపు చేసింది.

ఇక అంకెలు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలుగా పోయారు. ఆ తర్వాత రెండేళ్ళలో గాజాలో చనిపోయినవాళ్ళు 67,000 పైచిలుకు, ఇది గాజా ఆరోగ్య శాఖ లెక్క. ఆ శాఖ హమాస్ పాలన కింద ఉన్నది, లెక్కలో పోరాడేవాళ్ళనీ మామూలు జనాన్నీ విడదీయదు. ఆ సంగతి రాయండి. ఐక్యరాజ్యసమితి సంస్థలూ ఆ లెక్కనే వాడతాయన్నదీ రాయండి. ఇజ్రాయెల్ లెక్కా గాజా లెక్కా, ఈ రెండు వరుసలూ ఒకే పోస్టరు మీద ఉండాలి. ఒకటి వదిలేస్తే రెండోదాన్ని చదవడానికి సగం మంది ఆగరు. నోటీసు బోర్డు దగ్గర పిల్లల మొహాలు నేను రోజూ చూసేవే.

"జాతి నిర్మూలన" అన్న మాట దగ్గర ప్రతి జట్టులోనూ కొట్లాటే. నేను చెప్పేది, ఎవరన్నారో రాసి వాడండి. దక్షిణాఫ్రికా 2023 డిసెంబరులో ఇజ్రాయెల్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో ఈ మాట మీదే కేసు వేసింది. 2024 జనవరి 26న కోర్టు ఇచ్చినవి మధ్యంతర ఆదేశాలు, తీర్పు కాదు. 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ ఆ మాటే అంది, ఇజ్రాయెల్ కాదంది. ఇంతా రాస్తే పోస్టరు నిండిపోతుందంటారా, పాయింటు సైజు తగ్గిస్తాను, నా పని అది.

న్యూయార్కుని కాపీ కొట్టాలనుకుంటే

ప్రతి జట్టులో ఒకడుంటాడు, "మనమూ డేరాలు వేద్దాం" అనేవాడు. వాణ్ణి కూర్చోబెట్టి టీ పోసి అక్కడ జరిగింది వరసగా చెప్పాలి. 2024 ఏప్రిల్ 17న న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీలో పచ్చిక మీద డేరాలు లేచాయి. మర్నాడే పోలీసులు వంద మందికి పైగా పట్టుకుపోయారు. ఆ అరెస్టులు చూసే దేశంలో మిగతా క్యాంపసుల్లో డేరాలు పుట్టుకొచ్చాయి. ఏప్రిల్ 30న కొలంబియా పిల్లలు హామిల్టన్ హాల్ అనే భవనాన్ని ఆక్రమిస్తే, ఆ రాత్రే పోలీసులు ఖాళీ చేయించారు. 1968లో వియత్నాం యుద్ధం రోజుల్లోనూ పోలీసులు ఖాళీ చేయించింది అదే హాలు, అదే ఏప్రిల్ 30. లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలో 2024 ఏప్రిల్ 30 రాత్రే డేరాల మీద ఎదుటి జట్టు దాడి చేస్తే పోలీసులు అడ్డుకోవడానికి గంటలు పట్టింది. కొలంబియా డేరాల్లో యూదు పిల్లలూ ఉన్నారు, పాస్‌ఓవర్ పండగ భోజనం అక్కడే చేశారు. అదే క్యాంపసులో భయపడి ఇంటికి వెళ్ళిపోయిన యూదు పిల్లలూ ఉన్నారు. రెండూ నిజమే. మీ సభలో రెండూ చెప్పాలి.

అసలు వాళ్ళు అడిగిందేమిటి? యూనివర్సిటీ మూలధనంలో ఇజ్రాయెల్‌తో, ఆయుధాలతో సంబంధం ఉన్న కంపెనీల వాటాలు వదిలించుకోమని. కొలంబియా మూలధనం వెయ్యి కోట్ల డాలర్లకు పైన. 1985లో ఆ పిల్లల ముందుతరం అదే హాలు మెట్ల మీద మూడు వారాలు కూర్చున్నారు, ఆ ఏడే యూనివర్సిటీ, వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీల వాటాలు వదులుకోవడానికి ఒప్పుకుంది. అందుకే వాళ్ళకి ఆ ఆశ. మన కాలేజీ మూలధనం ఎంత? గణేశ పూజ చందా మిగులు, సైకిల్ స్టాండు వేలం. దేన్ని వదులుకోమంటారు?

ఐర్లండు రాజధాని డబ్లిన్ కథ నాకు ఎక్కువ నచ్చుతుంది. 2024 మే మొదట్లో ట్రినిటీ కాలేజీ పిల్లలు డేరాలు వేసి, ఒక పాత చేతిరాత గ్రంథం చూడ్డానికి టిక్కెట్టు కొని వచ్చే టూరిస్టుల దారి మూసేశారు. డబ్బు వచ్చే చోటే పట్టుకున్నారన్నమాట. అయిదు రోజుల్లో కాలేజీ మాటకొచ్చింది: ఆక్రమిత ప్రాంతాల్లో పనిచేస్తూ ఐక్యరాజ్యసమితి జాబితాకెక్కిన ఇజ్రాయెల్ కంపెనీల్లోంచి పెట్టుబడి తీసేస్తామంది. ఎవరిని, ఏది, ఎంత అడగాలో వాళ్ళకి తెలుసు. ఇంకో సంగతి చెబితే మన పిల్లలు నోరు తెరిచి వింటారు. అదే డబ్లిన్ నగరానికి 1913లో లా చదవడానికి వెళ్ళిన కుర్రాడు మన బరంపురంలో పుట్టినవాడే, వి.వి. గిరి. దక్షిణాఫ్రికాలో భారతీయుల బాధల మీద తోటి విద్యార్థులతో కలిసి కరపత్రం వేశాడు, ఐర్లండు స్వాతంత్య్ర పోరాటం వాళ్ళతో తిరిగాడు, 1916లో బ్రిటిషువాళ్ళు దేశం విడిచిపొమ్మన్నారు. తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. ఊరివాడి కథతో సభ మొదలెడితే, మనకెందుకీ గొడవ అనే ప్రశ్న సగం పోతుంది.

ఒక పోలిక మాత్రం మొదటి రోజే ఆపండి. మా తాత ఇల్లు కదలకుండానే 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలోంచి ఒడిశాలోకి వచ్చేశాడు. దాన్ని పట్టుకుని "మనమూ గీత బాధితులమే, పాలస్తీనా లాంటివాళ్ళమే" అని ఒకడు మైకులో అన్నాడు. ఒడియా పిల్లలు లేచి వెళ్ళిపోయారు. వెళ్ళరూ? మా తాత ఇల్లూ, దుకాణం, బడీ ఎక్కడివక్కడే ఉన్నాయి. 1948లో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనా వాళ్ళకి ఇళ్ళే లేకుండా పోయాయి.

అర్జీ, గది, కుర్చీలు

ప్రిన్సిపాల్‌కి అర్జీలో తేదీ, గది నంబరు, మొదలు, ముగింపు, మాట్లాడేవాళ్ళ పేర్లు, ఎంతమంది వస్తారో రాయండి. చర్చ అయితే చర్చ అనండి, నిరసన అయితే నిరసన అనండి. చర్చ అని రాసి నినాదాలు ఎత్తుకుంటే మీ తర్వాత బ్యాచికి గది దొరకదు. నకలు మీద ఆఫీసు ముద్ర, సంతకం తెచ్చుకోండి. నోటిమాటగా "హఉ, హఉ, కరొ" అన్న క్లర్కు మర్నాడు సెలవులో ఉంటాడు. గేటు దాటి ఊరేగింపు అంటే పోలీస్ స్టేషను అనుమతి కావాలి. గుంపులు కూడకూడదనే పాత 144 సెక్షను ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163 అయింది, అది ఊళ్ళో అమల్లో ఉందేమో ముందు కనుక్కోండి.

పోస్టరు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. తెలుగులో మాత్రమే వేస్తే అది తెలుగోళ్ళ గొడవ అయిపోతుంది. సభలో కుర్చీలు గుండ్రంగా వేయండి. మనిషికి మూడు నిమిషాలు, ఫోన్లో టైమరు పెట్టి. రెండో మాట మీతో ఏకీభవించని వాడికివ్వండి, ముందు రోజే వెళ్ళి పిలిచి. చివర్లో ఇస్తే వాడు కోపం కూడబెట్టుకుని ఉంటాడు. యూదులంటే ఇజ్రాయెల్ ప్రభుత్వం కాదు, పాలస్తీనా జనమంటే హమాస్ కాదు, అని తలుపు మీదే పెద్దక్షరాల్లో అంటించండి. దీనికి కాగితం ఖర్చు నాది.

మన దేశం ఎప్పుడూ ఎటువైపుంది అని తగువు వస్తుంది, తేదీలు దగ్గర పెట్టుకోండి. 1947 నవంబరులో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజన తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు. 1950లో ఇజ్రాయెల్‌కి గుర్తింపు. 1974లో పాలస్తీనా విమోచన సంస్థ పీఎల్‌ఓకి, 1988లో పాలస్తీనా దేశానికి. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు. 2023 అక్టోబరు 27న గాజా తీర్మానం మీద ఓటింగుకి దూరం, డిసెంబరు 12న కాల్పుల విరమణకి అనుకూలంగా ఓటు. చదివి వినిపిస్తే రెండు జట్లకీ కాస్త నోరు మూతపడుతుంది.

అమెరికా వెళ్ళాలనుకునే పిల్లలు ప్రతి సభలోనూ ఉంటారు. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, ఇంటర్ నుంచే జీఆర్ఈ కలలు. 2025 మార్చిలో కొలంబియా నిరసనల్లో ముందున్న ఒకతన్ని, గ్రీన్ కార్డు ఉన్నా, అరెస్టు చేసి జూన్ దాకా ఉంచారు. అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న భారతీయ అమ్మాయి వీసా రద్దయి కెనడా వెళ్ళిపోయింది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి దరఖాస్తు చేసేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాలంటున్నారు. రావద్దని నేననను. కానీ అడగకుండా ఎవరి మొహమూ స్టేటస్‌లో పెట్టకండి. ఫొటో వద్దన్నవాళ్ళకి కిటికీ వైపు కుర్చీలు వేయండి, కెమెరా అటు తిప్పకండి. పోయినసారి ఒకమ్మాయి ఇలా వేశాకే లోపలికొచ్చింది, అందరికన్నా బాగా మాట్లాడింది.

డబ్బు పోగుచేయకండి. టీకీ మురీ మిక్చరుకీ తప్ప. గాజాకి పంపుతామని డబ్బా తిప్పితే, అది ఎలా చేరిందో లెక్క చెప్పలేక ఆర్నెల్లు తలదించుకు తిరగాలి.

మరి ఏం అడగాలి? మన చేతికి అందేది. లైబ్రరీకి రెండు వైపుల చరిత్రా చెప్పే పుస్తకాలు నాలుగు. నెలకొకసారి అదే గది. ఎంపీకి పోస్టుకార్డు, యాభై పైసలు. మొన్నటి జట్టు యాభై కార్డులు తెచ్చింది, ఎవరిది వాళ్ళే సొంత మాటల్లో రాయాలన్నారు. ముప్పై ఒకటి నిండాయి. ఆరు ఇజ్రాయెల్ పక్షాన ఉన్నాయి. అవీ అదే డబ్బాలో వేశారు.

సభ అయిన రాత్రే పోస్టర్లు తీసేయండి. సెల్లో టేపు మర్నాటికి గోడ సున్నంతో సహా ఊడుతుంది, ఆ మచ్చ చూపించి ఆఫీసువాళ్ళు వచ్చే ఏడాది గది ఇవ్వరు. నా దగ్గర కాగితం టేపు ఉంది, అడిగి తీసుకెళ్ళండి. మ్యాపు మాత్రం మడత పెట్టకుండా చుట్టి కొట్టుకి పట్టుకురండి. దాన్ని ఇప్పటికి మూడు జట్లు వాడాయి, ఛత్రపురం దగ్గర కాస్త చిరిగింది, వెనకనుంచి అతికించాను.