రిలే సర్క్యూట్‌కి కరెంటు ఇచ్చే ముందు

బీసీ547 ట్రాన్సిస్టర్‌తో 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) నడిపే సర్క్యూట్ కట్టారా? అడాప్టర్ ప్లగ్గులో పెట్టే ముందు ఇవి చూసుకోండి.

– ట్రాన్సిస్టర్ కాళ్లు: చదును వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. వేరే నంబరు వాడితే ఈ వరస మారొచ్చు, డేటాషీట్ చూడందే సోల్డర్ చేయొద్దు.

– బేస్‌కి రెసిస్టర్ తప్పనిసరి. ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) 5 వోల్టుల పిన్ నుంచైతే 1 కిలో ఓమ్ సరిపోతుంది.

– రిలే లోపలి తీగచుట్టని, అంటే కాయిల్‌ని, మల్టీమీటర్‌తో కొలవండి. 400 ఓమ్‌లు చూపిస్తే 30 మిల్లీఆంపియర్లు లాగుతుంది. బీసీ547 హద్దు 100 కాబట్టి దిగులు లేదు.

– కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది), గీత ఉన్న కొస ప్లస్ వైపు. చాలామంది బద్ధకించేది ఇక్కడే. రిలే ఆఫ్ అయిన క్షణంలో కాయిల్ నుంచి ఎదురు వోల్టేజ్ ఎగదన్ని ట్రాన్సిస్టర్ ప్రాణం తీస్తుంది. డయోడ్ తిరగేసి పెట్టారో, ట్రాన్సిస్టర్ ఆన్ అవగానే సప్లై షార్టే. అది ఇంకా ఘోరం.

– ఆర్డుయినో గ్రౌండ్, అడాప్టర్ మైనస్ కలిపారా? లేకపోతే ఎంత వెతికినా రిలే పలకదు.

ఇంట్లో బల్బు ఆ రిలేకి తగిలించే తొందర వద్దు. ముందు ఉత్తినే నడిపి "టిక్" వినండి. తర్వాత 230 వోల్టుల తీగలు బిగించేటప్పుడు స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గే పీకేయండి. బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే బోర్డు) మీదకు మెయిన్స్, అంటే ఇంటి 230 వోల్టుల కరెంటు, తేవద్దు. ఫేజ్ తీగనే రిలే గుండా పంపండి. బోర్డు కింద సోల్డర్ చుక్కల్లోనూ అదే 230 ఉంటుంది, కాబట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసేశాకే ప్లగ్గు పెట్టండి.